ఏడో సభ్యురాలు

"కాశీబాయి ఎవలు మామా?"

కాజల్ ఇలా అడగడం మూడోసారి. మొదటిసారి నాగన్న వినబడనట్టు ఊరుకున్నాడు. రెండోసారి మంచినీళ్లు అడిగాడు. ఇప్పుడు గ్లాసు చేతిలోనే ఉంది, ఇక అడగడానికి ఏమీ మిగల్లేదు పాపం.

"యాదికి అస్తలేదు బిడ్డా," అన్నాడు.

"సంస్థకు అధ్యక్షులు మీరు. సభ్యులు ఏడుగురు. ఆరుగురు నాకు ఎరికే. ఏడో ఆమె ఎవలో అధ్యక్షునికే తెల్వదంటే, రేపు నేనేం చెప్పాలె?"

ఆమె ఒళ్లో పదకొండేళ్ల కిందటి రిజిస్ట్రేషన్ కాగితం ఉంది. రేకుపెట్టె అడుగున పడి ఉండి మడతల దగ్గర చిరిగింది. మూడో వరుసలో 'సంగవ్వ నాగన్న', పక్కన వేలిముద్ర. ఏడో వరుసలో 'కాశీబాయి నాగన్న', పక్కన ఇంకో వేలిముద్ర. మహారాష్ట్రలో ఉన్న మా తెలుగు ఊళ్ల వైపు ఆడవాళ్ల పేరు పక్కన మొగుడి పేరే రాస్తారు. సంగవ్వ అంటే కాజల్ అత్త, అందులో తిరకాసేం లేదు. మరి నాగన్న పేరు తగిలించుకున్న ఈ రెండో ఆమె ఎవరు?

"నాగన్నలు ఊర్ల నలుగురున్నరు," అన్నాడు నాగన్న, తనకే నమ్మకం లేని గొంతుతో. "ఇంకో నాగన్న పెండ్లమేమో."

గడప దగ్గర కూర్చుని కందిపప్పులో రాళ్లు ఏరుతున్న సంగవ్వ చేయి ఆగింది.

"ఏం పేరన్నవ్?"

"కాశీబాయి, అత్తమ్మా."

సంగవ్వ భర్త వైపు చూసింది. చాలాసేపు చూసింది. అతను గ్లాసులోకి చూసుకున్నాడు. ఆమె చేట కింద పెట్టి, కొంగు దులుపుకుని పెరట్లోకి వెళ్లిపోయింది. పప్పు సగమే ఏరి ఉంది.

ముద్‌ఖేడ్ రైలుకు బయలుదేరుతూ చెప్పులు తొడుక్కుంటున్న విలాస్ అలాగే ఆగిపోయాడు. కాజల్ మొగుడి ముఖం చూసింది, అతను ఆమె ముఖం చూశాడు. ముప్పై ఏళ్లు కాపురం చేసిన ఇల్లాలు ఎవరో ఆడదాని పేరు వినగానే చేట వదిలి లేచిపోతే, కొడుకూ కోడలూ ఏమనుకుంటారు? అదే అనుకున్నారు.

*

కాజల్‌కు ఈ గొడవంతా వచ్చిపడింది నిన్నటి ఫోనుతో.

నాలుగు నెలలుగా ఆమె ఫోనులో గ్రాంట్లు వెతుకుతోంది. దొరకడానికి చాలానే దొరుకుతాయి, మనకు పనికొచ్చేదే దొరకదు. ఒకరు మూడేళ్ల ఆడిట్ అడుగుతారు. ఇంకొకరికి విదేశీ డబ్బు తీసుకునే అనుమతి కావాలి. ఒకరైతే ఫారమ్ ఇవ్వడానికే రుసుము కట్టమన్నారు, విలాస్ అడ్డుపడకపోతే కట్టేసేదే. ఒక ఫారమ్‌లో 'మీ సంస్థ మార్పు సిద్ధాంతం ఏమిటి?' అని ఉంది. సగరోళి హాస్టల్లో ఉండి పన్నెండు దాకా చదివిన కాజల్‌కే అది బోధపడలేదు. అత్తను అడిగింది.

"పోరలు ఎండల గట్టు మీద పండకుంట, నీడల పంటరు. గదే రాయి," అంది సంగవ్వ.

అదే రాసింది. పుణెలోని ఓ ఫౌండేషన్ వాళ్లకు ఆ ముక్కే నచ్చిందట.

వాళ్లు పాళణాఘర్‌కు మూడేళ్ల సాయం ఇస్తారు. పాళణాఘర్ అంటే పెద్ద భవనమేం కాదు, బడి వెనకాల ఒక రేకుల గది. పత్తి ఏరడానికీ, సోయా కోయడానికీ కూలికి పోయే తల్లులు పొద్దున్నే పిల్లల్ని అక్కడ దించి, మాపటికి తీసుకుపోతారు. పంతొమ్మిది మంది పిల్లలు. పాలు, కిచిడీ, నాలుగు ఊయలలు, చూసుకోవడానికి కాజల్, సంగవ్వ. ఇప్పటిదాకా ఇచ్చిన దాత ఈ నెలాఖరుతో చాలిస్తున్నాడు. పత్తి ఏరడం మొదలయ్యేది సరిగ్గా అప్పుడే. గది మూతపడితే పిల్లలు మళ్లీ గట్ల మీదికే.

గట్టంటే ఏమిటో ఈ ఊరికి తెలుసు. పోయిన ఏడు జనాబాయి మనవరాలు సాక్షి, రెండేళ్ల పిల్ల, పత్తిచేను పక్క నీటిగుంతలో పడింది. ఎడ్లకు నీళ్లు పెట్టడానికి వచ్చినవాడు చూడబట్టి బతికింది. ఆ మరుసటి వారమే సంస్థ పేరు మీద పాళణాఘర్ మొదలైంది.

నిన్న ఫోను చేసింది ఫౌండేషన్ నుంచి శుభాంగి అనే ఆమె. మర్యాదగా, గబగబా మాట్లాడే మరాఠీ. మీ దరఖాస్తు చివరిదాకా వచ్చింది, ఇంకొక్కటే మిగిలింది, బుధవారం పదకొండు గంటలకు వీడియో కాల్‌లో ఏడుగురు వ్యవస్థాపక సభ్యులూ ఆధార్ కార్డులతో కనిపించాలి, అంతే. బుధవారం సాయంత్రం జాబితా మూసేస్తాం.

ఆమె 'అంతే' అన్న ఆ ముక్క దగ్గరే కాజల్ ఇరుక్కుపోయింది.

*

మంగళవారం మధ్యాహ్నమంతా ఆమె నాగన్నల వెంట తిరిగింది. మొదటి నాగన్న భార్య పేరు గంగవ్వ. రెండో నాగన్న పోయి ఆరేళ్లయింది, భార్య పుట్టింటికి భోకర్ వెళ్లిపోయింది, ఆమె పేరూ కాశీబాయి కాదు. మూడో నాగన్నకు అసలు పెళ్లే కాలేదు. "దొరికితే నాకు గుడ చెప్పు బిడ్డా, చేస్కుంట," అన్నాడతను. ఇంకో రోజైతే కాజల్ నవ్వేదే.

చివరికి భోకర్‌లో ఉమాకాంత్‌కు ఫోను చేసింది. తహసీల్ ఆఫీసు ఎదురుగా కూర్చుని దరఖాస్తులు రాసే మనిషి. ఆనాడు సంస్థ కాగితాలు రాసింది అతనే. ఆడవాళ్లనెవరినైనా తాయీ అనే, అంటే అక్కా అనే, పిలుస్తాడు.

"కాజల్‌తాయీ, నాకు మనుషులు యాది ఉండరు, కాగితాలే యాది ఉంటయి," అన్నాడు ఉమాకాంత్. "మీ మామ సంచీల కాగితాలు పట్కొని అచ్చిండు. మనిషికో కాగితం తెమ్మని నేనే చెప్పిన. లెక్కవెట్టిన, ఏడున్నయి. ఏడు పేర్లు రాసిన."

"కాశీబాయిది ఏం కాగితం అన్నా?"

"రేషన్ కార్డు. పచ్చది."

"ఎవలింట్లది?"

"మీ ఇంట్లదే గద తాయీ. మా ఇంటిదని మీ మామనే ఇచ్చిండు."

కాజల్ ఎండలో నిలబడిపోయింది. మామ మంచివాడు. ఊళ్లో ఎవరితోనూ ఒక మాట పడనివాడు. తన పెళ్లయి నాలుగేళ్లయినా ఆమెను గట్టిగా ఒక మాట అనలేదు. అలాంటి మనిషికి ఇంకో సంసారమా? ఉంటే ఎక్కడ? ఆ రేషన్ కార్డు మన ఇంట్లోకి ఎలా వచ్చింది? ఆమెకు తల తిరిగింది. అంతకంటే సిగ్గుచేటు, ఆ తిరుగుడులో కూడా ఆమెకు ముందు వచ్చిన ఆలోచన ఇది: ఆమె ఎవరైనా సరే, రేపు పదకొండింటికి వస్తుందా?

"ఒక్క మాట అన్నా. ఏడో ఆమె దొరకకపోతే?"

"ఏడుగురికి తక్కువైతే సంస్థే నిలువదు తాయీ. కొత్త మనిషిని కలుపుకోవాలంటే అర్జీ వెట్టాలె, నెలలు వడ్తది. ఎట్లన్న ఆమెను దేవులాడుండ్రి."

*

విలాస్ ఐదింటికే తిరిగొచ్చాడు. రైల్వే కాంట్రాక్టు పనిలో ఉండి సగం రోజు ఎగ్గొట్టి వచ్చాడంటే ఎంత ఉడికిపోతున్నాడో చూడండి. ముఖం కూడా కడుక్కోలేదు.

"బాపూ, ఒక్కటే అడుగుత. అవ్వకు అన్యాలం చేసినవా?"

"ఏందిరా?"

"కాశీబాయి ఎవలు? పచ్చ కార్డు మన ఇంట్లదే అని ఉమాకాంత్ చెప్పిండట. ఆమె ఏడుంటది? పిల్లలున్నరా?"

నాగన్నకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక ముఖం నల్లబడిపోయింది. "థూ! నోరు బంద్ చెయ్. అరవై ఏండ్లచ్చినయి నాకు. గీ మాట అడుగనీకి నీకు నోరెట్లచ్చింది రా?"

"మరెవలో చెప్పు!"

"నాకు ఎరికుంటే చెప్పనా? దేవుని మీద ఆన, నాకు ఎరికలేదు!"

"ఎరికలేదా?"

ఆ మాట అన్నది పెరటి గుమ్మంలో నిలబడ్డ సంగవ్వ. పొద్దున చేట వదిలి లేచాక ఆమె నోట వచ్చిన మొదటి మాట అదే. అన్నం తినలేదు, పిలిస్తే పలకలేదు, పాళణాఘర్‌లో పిల్లల్ని మాత్రం ఎప్పట్లాగే చూసుకుని వచ్చింది.

"పొద్దుగాల నుంచి సూస్తున్న," అంది మొగుడితో. "ఇప్పుడన్న యాదికస్తదా, ఇప్పుడన్న యాదికస్తదా అని. నీ అవ్వ వెట్టిన పేరు. పెండ్లినాడు నీ పక్కన కూసోవెట్టి వెట్టింది. నీకే యాది లేదాయె."

ఆమె గుమ్మం దాటి లోపలికి వచ్చింది.

"కాశీబాయి నేనే."

పెళ్లయిన నాటి నుంచీ నాగన్న భార్యను పేరు పెట్టి పిలవలేదు. మొదట్లో 'ఏమే', కొడుకు పుట్టాక 'విలాస్ అవ్వా'. మొగుడు పెళ్లాం పేరు నోటితో అనకూడదని పెద్దలు చెప్పారు, అతను వినయంగా పాటించాడు. ఏ పేరు అనకూడదో కూడా మరిచిపోయాడు.

"తాంబాలంల బియ్యం పోసి పసుపుకొమ్ముతోని కోడలికి కొత్త పేరు రాసిన్రు," అంది సంగవ్వ. "నాకు సదువు రాదు. ఏం రాసిన్రో సూసిన గని తెల్వలే. ఇగ నీ పేరు కాశీబాయి అన్నరు. మా బాపు వెట్టిన పేరు తెలుగు పేరట, మరాఠోల్ల ముంగట నామోషీ అట. పిలిస్తే నేను పలుకలే. పిలిచి పిలిచి మీ అవ్వకే యాష్టకచ్చి ఊకున్నది. గా పేరు పచ్చ కార్డు మీద ఒక్కకాడ మిగిలింది. తర్వాత ఆధార్ అచ్చినప్పుడు నేను సంగవ్వ అనే చెప్పిన. ఆ కార్డు గుడ మార్పిచ్చిన."

"మరి సంస్థ కాగితంల రెండుసార్లు...?" అంది కాజల్.

"మనిషికో కాగితం అన్నరట. ఈయన పెట్టెల చెయ్యివెట్టి నా బ్యాంకు బుక్కు తీసిండు, పచ్చ కార్డు తీసిండు. రెండు సంచీల ఏసిండు. మల్ల కాగితం తెచ్చి ఈడ ఒక వేలు ఎయ్యి, ఆడ ఒక వేలు ఎయ్యి అన్నడు. ఏసిన. ఈయనకు సదువు రాదు, నాకు రాదు."

"కార్డు ఇంటికోసమని ఇచ్చిన," అన్నాడు నాగన్న చిన్నగా. "ఇంటిది గుడ అడుగుతరేమో అనుకున్న."

అంతే సంగతి. రెండో సంసారం లేదు, మోసం లేదు, ఎవరి దొంగతనమూ లేదు. ఒక ఆడమనిషి, రెండు కాగితాలు. పదకొండేళ్లుగా ఈ సంస్థలో ఉన్నది ఆరుగురే.

విలాస్ తండ్రి కాళ్ల దగ్గర కూలబడి నవ్వాడు. ఆ నవ్వు ఎవరికీ అంటుకోలేదు. అతనే ముందు తేరుకున్నాడు.

"సరే. అయిందేదో అయింది. రేపు కాశీబాయి జాగల జనాబాయి పెద్దమ్మను కూసోవెడ్దాం. కార్డు దూరం నుంచి సూపెడ్తే ఫోన్ల అచ్చరాలు కనవడ్తయా? అర నిమిషం పని."

"అది అబద్ధం గాదా?" అంది కాజల్.

"పంతొమ్మిది మంది పిల్లలు, కాజల్. సాక్షి యాది లేదా? ఎవలి సొమ్మన్న తింటున్నమా మనం?"

కాజల్ మామ వైపు చూసింది. నాగన్న నేల చూస్తున్నాడు. అత్త వైపు చూసింది.

"నా పేరు మీద ఇంకోదాన్ని కూసోవెడ్తరా?" అంది సంగవ్వ.

"నీకు ఆ పేరు వద్దంటివి గద అవ్వా! ముప్పై ఏండ్ల నుంచి వద్దనే ఉంటివి!"

"వద్దు," అంది సంగవ్వ. "వద్దు గని..." చేట తీసుకుని మిగిలిన పప్పు ఏరడానికి కూర్చుంది.

కాజల్‌కు తన పెళ్లి గుర్తొచ్చింది. విలాస్ మేనత్తలు బియ్యం పోసిన పళ్లెం తెచ్చి, కాజల్ అంటే సినిమా పేరులా ఉంది, శారద అని రాద్దాం అని కూర్చున్నారు. అత్త ఆ పళ్లెం వాళ్ల చేతుల్లోంచి తీసుకుపోయి, బియ్యం కడిగి ఎసట్లో పోసేసింది. 'దాని పేరు దానికి ఉండనీయుండ్రి,' అంది. ఆ రోజు అందరూ నవ్వారు, కాజల్ కూడా నవ్వింది. ఆ బియ్యం ఎందుకు ఉడికించిందో ఆమెకు ఈవేళ అర్థమైంది. అర్థమై కూడా ఆమె వద్దని అనలేదు. అలాగని సరేననీ అనలేదు. విలాస్ లేచి జనాబాయి ఇంటివైపు వెళ్తుంటే చూస్తూ ఊరుకుంది.

*

బుధవారం పదకొండుకు ఐదు నిమిషాలు.

రేకుల గదిలో చాప మీద ఏడుగురు, పక్కగా కాజల్. కిటికీలో ఇటుక ముక్కకు ఆనించి ఫోను. దాని వెనక విలాస్, సిగ్నల్ పోకుండా చూసే పని తన మీద వేసుకున్నాడు. మూలన ఊయలలో సాక్షి నిద్రపోతోంది. జనాబాయి కొత్త చీర కట్టుకుని, కొంగు ముఖం మీదికి లాక్కుని, పెదవులు కదుపుతూ 'కాశీబాయి నాగన్న, కాశీబాయి నాగన్న' అని వల్లె వేసుకుంటోంది. తన మనవరాలి కోసం ఆమె ఏదైనా చేస్తుంది, ఇదీ చేస్తుంది.

సంగవ్వ ఆమె పక్కనే కూర్చుంది.

తెరమీద శుభాంగి కనిపించింది. కళ్లద్దాలు, నవ్వు ముఖం. నమస్కారాలయ్యాయి. గది బాగుందంది, ఊయల ఊపి చూపించమంది, పిల్లల పేర్లు అడిగింది.

"సరే, పేర్లు చదువుతాను," అంది మరాఠీలో. "నాగన్న?" నాగన్న కార్డు ఎత్తాడు. "సూర్యకాంత్?" అతనూ ఎత్తాడు. "సంగవ్వ?"

సంగవ్వ కార్డు ఎత్తి చూపించింది. శుభాంగి టిక్కు పెట్టుకుంది. నాలుగు. ఐదు. ఆరు.

"కాశీబాయి కోణ్ ఆహేత్?" కాశీబాయి ఎవరు, అని.

జనాబాయి కొంగు సర్దుకుంది. కార్డు ఎత్తబోయింది. విలాస్ ఫోను వెనక నుంచి తొందరగా కానీయమని సైగ చేశాడు.

"మీచ్," అన్నారెవరో. నేనే, అని.

అన్నది సంగవ్వ. ముప్పై ఏళ్లలో ఆ పేరుకు ఆమె పలకడం అదే మొదటిసారి. నాగన్న తల తిప్పి భార్యను చూశాడు.

శుభాంగి కలం ఆగింది. "తుమ్హీ తర్ సంగవ్వా నా?" మీరు సంగవ్వ కదా, అని.

"తీ పణ్ మీచ్." అదీ నేనే.

జనాబాయి కార్డు మెల్లగా దించేసి కొంగులో దాచుకుంది. ఆమె ముఖంలో భయం పోయి ఏడుపు వచ్చింది. శుభాంగి కాగితం తిప్పి చూసింది, మళ్లీ తెరలోకి చూసింది. నవ్వు పోలేదు గానీ చిన్నదైంది. మరి ఏడో సభ్యురాలు ఎవరు, అని అడిగింది.

సంగవ్వకు వచ్చిన మరాఠీ అక్కడితో అయిపోయింది. ఆమె ఫోనుకు ఎదురుగా జరిగి, కొంచెం గట్టిగా, తెలుగులోనే చెప్పింది.

"ఏడో మనిషి లేదు బాయీ. తెల్వక రాసిన్రు. మేము ఆరుగురమే ఉన్నం. పిల్లలు మాత్రం పంతొమ్మిది మంది ఉన్నరు, వాండ్లను లెక్కవెట్టుకో."

పుణె ఆమెకు ఒక్క ముక్క అర్థం కాలేదు. "ఏమన్నారు ఆమె?" అని అడిగింది, కాజల్‌ను పేరు పెట్టి పిలిచి.

ఫోను వెనక విలాస్ రెండు చేతులూ జోడించాడు. తల అడ్డంగా ఊపుతున్నాడు. అవ్వకు సరిగ్గా వినబడలేదని చెప్పు, పొరపాటుగా పలికిందని చెప్పు, అని పెదవులతోనే బతిమాలుతున్నాడు. ఇప్పటికీ సర్దవచ్చు. ఒక్క అబద్ధం చాలు, పక్కన జనాబాయి ఇంకా కూర్చునే ఉంది.

ఊయలలో సాక్షి కదిలింది. సంగవ్వ కాలు చాచి ఊయల తాడును ఒకసారి లాగి వదిలింది, చూపు మాత్రం కోడలి మీదే ఉంది.

కాజల్ ఇటుక దగ్గరి నుంచి ఫోను తీసి చేతిలో పట్టుకుంది.

"మా అత్తమ్మ అన్నది అన్నట్టే చెప్తాను," అని మరాఠీలో మొదలుపెట్టింది.